రెప్ప మూయని ప్రార్థన

మొన్న గురువారం పొద్దున మా వదిన ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ బస్సు కోసం నిలబడి ఉండగా గుండెలో నొప్పని కూర్చుందట, మళ్ళీ లేవలేదు. అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను ముక్త్యాల ఫ్యాక్టరీలో లారీకి సిమెంటు బస్తాలు ఎక్కిస్తున్నాను. "మీ వదిన లేదురా" అన్నాడు. వాక్యం చెప్పడానికి ఎన్నడూ తడుముకోని నోరు నాది. ఆ పూట "ఏ వదిన?" అని అడిగింది.

ప్రియులారా, నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. గ్రంథం పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కునే రోజుల్లో వంటింటి గడప మీద కూర్చుని, కూర తరుగుతూ వినేది మా వదినే. "అక్కడ చుక్క ఉంది, ఊపిరి తీసుకో. దేవుడేం పారిపోడులే" అనేది. ఈనాడు మైకు లేకుండా నా గొంతు వీధి చివరిదాకా వినపడుతోందంటే, అది ఆ గడప దగ్గర నేర్చుకున్న ఊపిరే.

ఆమె పైరెప్పలు పుట్టుకతోనే బరువుగా వాలి ఉండేవి. చూపుకి లోటేమీ లేదు. లోటంతా ఎదుటివాళ్ళ చూపులోనే. నందిగామలో చీరల కొట్లో పనిచేసేది. చీరలకొచ్చినవాళ్ళు "ఆవిడెవరో కునుకుతోందండీ, ఇంకొకళ్ళని పంపండి" అనేవారట. కొట్టు యజమాని కూడా "అమ్మాయ్, కాస్త మొహం కడుక్కుని రా" అనేవాడట. సాయంత్రం ఇంటికొచ్చి అవన్నీ నటించి చూపించి మమ్మల్ని నవ్వించేది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? శుక్రవారం మా ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలో వాక్యం మధ్యలో ఆపి, "వదినా, లే! తోటలో ప్రభువు ప్రార్థిస్తుంటే శిష్యులు కూడా ఇట్లాగే నిద్రపోయారు!" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. అందరూ వెళ్ళాక నేను ఎక్కడెక్కడ తప్పు చదివానో వరసగా అప్పజెప్పేది. అంత శ్రద్ధగా విన్న మనిషి ఆ గదిలో ఇంకొకరు లేరు.

రెండేళ్ళ కిందట విజయవాడ వెళ్ళి రెప్పలకి ఆపరేషన్ చేయించుకుంది. పైన వేలాడే చర్మం కాస్త తీసేసి, కళ్ళు విప్పారినట్టు కనపడేలా కుడతారు. జబ్బుకి చేసేది కాదు, రూపానికి చేసేది. నాకు ఒళ్ళు మండింది. "దేవుడు చేసిన ముఖాన్ని దిద్దడానికి నువ్వెవరివి?" అన్నాను.

"మెలకువగానే ఉన్నానని జనానికి చెప్పి చెప్పి అలిసిపోయా మరిదీ. ఇకనుంచి కళ్ళే చెప్తాయిలే" అంది. నవ్వబోయింది. కుట్లు లాగినట్టున్నాయి, ఆగిపోయింది.

అంతటితో వదిలానా? ఆ వారం కూడికలో, బైబిల్లో కళ్ళకి రంగు వేసుకుని కిటికీలోంచి తొంగిచూసిన దుర్మార్గపు రాణి సంగతి తీసి గంటసేపు చెరిగేశాను. పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కదా. పైవారం ప్రార్థన జరుగుతుండగా చూశాను. తలమీద కొంగుతో, చేతులు జోడించుకుని కూర్చుంది, కానీ రెప్పల మధ్య తెల్లగా సందు. "దేవుడి ఎదుట కళ్ళు మూసుకోవడానికి కూడా ఇష్టంలేని వాళ్ళున్నారిక్కడ. కొత్త కళ్ళు లోకానికి చూపించుకోవాలి మరి!" అని గర్జించాను. ఈసారి అందరూ ఆమె వైపే తిరిగారు.

ఆమె లేచి వెళ్ళిపోలేదు. ఆమేన్ అన్నాక టీ గ్లాసు నా చేతికిచ్చి మెల్లగా అడిగింది: "నా కళ్ళు తెరుచుకుని ఉన్నాయని నీకెట్లా తెలిసింది మరిదీ? నువ్వు మూసుకోలేదా?"

పక్కనున్న అన్నయ్యకి టీ పొలమారింది. అప్పుడు చెప్పింది, రెప్పలు పూర్తిగా మూతపడటం లేదని, కొందరికి అట్లాగే ఉండిపోతుందని డాక్టరు అన్నాడని, పడుకునే ముందు మందు పెట్టుకోకపోతే కళ్ళు ఎండిపోతున్నాయని. "మూసుకునే ఉన్నా. ఇంతవరకే మూసుకుంటాయి" అంది.

ఎదుటివాడి కంట్లో నలుసు గురించి, మన కంట్లో దూలం గురించి ఎన్ని ఊళ్ళలో ప్రసంగించానో నేను! అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలని నాకు తెలియదా? వచ్చే శుక్రవారం అనుకున్నాను. రెండేళ్ళ శుక్రవారాలు గడిచిపోయాయి. ఆమె ప్రతివారం వచ్చింది. ఎప్పుడూ ముందు కూర్చునే మనిషి, వెనక గోడవారకి జరిగి, కొంగు నుదుటి కిందికి లాక్కుని కూర్చునేది. తప్పులు అప్పజెప్పడం మానేసింది. "ఇప్పుడు కొట్లో నన్నే అడిగి మరీ వస్తున్నారు" అని అన్నయ్యతో సంబరంగా చెప్పుకుందట. నాతో చెప్పలేదు.

సమాధి చేసింది మర్నాడు. శుక్రవారం. పెట్టెలో పడుకోబెట్టాక మా వీధి ముసలమ్మ అరచేత్తో రెప్పలు మూసింది. కొంచెం తెరుచుకున్నాయి. తడిదూది పెట్టి తీసినా అంతే. "ఏదో ఆశ ఉండిపోయిందే తల్లికి" అంది ముసలమ్మ. "ఎవరికోసమో చూస్తోంది" అంది వెనకనుంచి ఇంకొకావిడ. గుసగుసలు మొదలయ్యాయి.

లేచి నిలబడ్డాను. "ఆశా లేదు, ఏమీ లేదు. ఆపరేషన్ అయినప్పట్నించీ మా వదిన రెప్పలు ఇంతవరకే మూసుకుంటాయి. ఆ సంగతి తెలిసి కూడా రెండేళ్ళు నోరు మూసుకున్నవాణ్ణి నేను. ఆ రోజు ఆమె కళ్ళు మూసుకునే ప్రార్థించింది. తెరిచి చూసింది నేను. మీ అందరి ముందే ఒప్పుకుంటున్నా" అన్నాను. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియలేదు. ఆ మాటలు ముందు వరస దాటి వినపడి ఉండవు.

"ఇంక దూది పెట్టకండి. అట్లాగే ఉండనివ్వండి" అన్నాడు అన్నయ్య.

ప్రార్థన మొదలైంది. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. పెట్టె పక్కన నిలబడి, ఆమె ముఖం చూస్తూనే ప్రార్థించాను. కొంగు నుదుటి పైకి సర్ది ఉంది. రెప్పల కింద ఆ సన్నటి తెల్లని గీత, నేనెక్కడ తప్పు చదువుతానో అని ఇంకా వింటున్నట్టే ఉంది.