కల్లం కుక్క

కుక్కను పెంచుకుంటామని వచ్చినవాళ్లకు రూత్ పెట్టే షరతు వింటే ఆర్మూరులో సగం మంది నవ్వేవాళ్లు, మిగతా సగం మంది చిరాకుపడేవాళ్లు. ఇంటి ఆడమనిషి స్వయంగా రావాలి. కుక్క కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోయాలి. నొసట బొట్టు పెట్టాలి. అప్పుడే తాడు చేతికిస్తుంది. మేం తోలుకుపోయేది కోడెనా, కుక్కనా అని అడిగినవాళ్లున్నారు. పోనీ, షరతు పెట్టే మనిషి బొట్టు పెట్టుకునే మనిషా అంటే అదీ కాదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి పోయే మనిషి. ఇదేం కొత్త ఆచారమమ్మా అని పాస్టరుగారు ఒకసారి నవ్వుతూనే అడిగాడు. రూత్ తల వంచుకుని విన్నది. షరతు మాత్రం వదల్లేదు.

ఆమె పసుపు గోదాములో కూలీ. రైతులు తెచ్చిన పసుపును కుప్పపోసి, కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటివి ఒక పక్కకు, రాళ్లూ మట్టిగడ్డలూ ఇంకో పక్కకు ఏరడం పని. సీజనులో ఆమె చేతుల పసుపు ఏ సబ్బుకూ వదలదు. సాయంత్రం గోదాము వదిలాక హోటల్లో మిగిలిన అన్నం క్యానులో పోయించుకుని వేల్పూర్ రోడ్డు మీది షెడ్డుకు పోతుంది. అది గంగాదాస్ సేటు షెడ్డు. ఎండిన పసుపుకు పాలిష్ పట్టే మిషను అందులో ఉంది. మిషను నడిచేది సీజనులోనే కాబట్టి తక్కిన కాలమంతా షెడ్డు ఖాళీ. పశువుల దవాఖానలో అటెండరుగా చేసి రిటైరైన ధర్మయ్య సేటును బతిమాలి, ఆ ఖాళీలో దిక్కులేని కుక్కలకు చోటు చేశాడు. హైవే మీద లారీలు గుద్దినవి, సంచిలో కట్టి పారేసిన పిల్లలు, ముసలివైపోయాయని వెళ్లగొట్టినవి అన్నీ అక్కడికే చేరేవి. సూదులూ మందులూ ధర్మయ్యవి. కడగడం, తినిపించడం, అన్నిటికంటే కష్టమైన పని, అంటే వాటికి ఇల్లు వెతకడం, రూత్‌ది. ఎవరూ ఆమెకు పెట్టిన పని కాదు. తనే నెత్తినెత్తుకుంది.

మొదట్లో ఈ షరతు లేదు. ఎవరడిగితే వాళ్లకు ఇచ్చేది. పసుపు తవ్వకం మొదలైందంటే కుక్కల కోసం రైతులు వరసకట్టేవాళ్లు. ఉడకబెట్టిన పసుపు వారాల తరబడి కల్లంలో ఆరాలి. పందులు రాకుండా, దొంగలు పడకుండా రైతు మంచం వేసుకుని అక్కడే పడుకుంటాడు. పక్కన ఒక కుక్క ఉంటే కన్నుమూసినా ధైర్యం. అన్ని రోజులూ దానికి రాజభోగమే. తన పళ్లెంలోంచి తీసి పెట్టే రైతును రూత్ కళ్లారా చూసింది. చూసి మురిసిపోయింది కూడా. పసుపు మార్కెట్టుకు పోయిన రోజు టార్పాలిను మడిచి, మంచం ట్రాక్టరెక్కించి, రైతు ఇంటికి పోతాడు. కుక్కను ఎక్కించడు. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. దుర్మార్గులైతే తిట్టిపోసి ఊరుకోవచ్చు. వాళ్లు దుర్మార్గులు కారు. వాళ్ల లెక్కలో అది కల్లం కుక్క, ఇంటి కుక్క కాదు. పొయ్యికింది రాళ్లను అక్కడే వదిలినట్టు దాన్నీ వదిలేస్తారు. ఏదో వదిలేసి వచ్చామన్న ఊహ కూడా వాళ్లకు రాదు.

అట్లా వదిలేసిన ఒక కుక్కను తోలుకురావడానికి అంకాపూర్ పోయినప్పుడు ఒక రైతు ఇంట్లో మంగవ్వ అనే ముసలామె కనపడింది. ఆ ఇంటికి ఆ రోజే కొత్త ఎద్దు వచ్చింది. ముసలామె దాని కాళ్ల మీద నీళ్లు పోసి, నొసట పసుపూ కుంకుమా పెట్టి, అప్పుడుగానీ వాకిట్లోకి రానివ్వలేదు. ఎందుకట్లా అని అడిగింది రూత్.

"బొట్టు పెట్టినంక అది ఇంటి పాణం బిడ్డా. ఇంటి పాణాన్ని బయట పెడితే ఉసురు తగుల్తది" అంది మంగవ్వ.

ఆ మాట రూత్ కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. ఆ తర్వాత బొట్టు పెట్టించుకుని పోయిన కుక్క ఒక్కటీ షెడ్డుకు తిరిగిరాలేదు.

తిరిగొచ్చేదల్లా చుక్కి. నల్లటి ఒంటి మీద తెల్లచుక్కలు, ఒక చెవి చిరిగింది, వయసూ మళ్లింది. షరతు పుట్టకముందే రెండుసార్లు కల్లాలకు పోయి రెండుసార్లు తిరిగొచ్చింది. షరతు వచ్చాక ముసలికుక్కకు బొట్టు పెట్టే ఇల్లాలు దొరకలేదు. దాన్ని మనింట్లోనే ఉంచుకుందామా అని రూత్ ఒకసారి వదినను అడిగింది. అన్న జయరాజ్ ఆటో నడుపుతాడు. వదిన కరుణశ్రీ చెడ్డ మనిషేమీ కాదు. వేడిగా వండుతుంది, ఆడబిడ్డకు ముందు వడ్డిస్తుంది. ఆ రోజు బియ్యం కడుగుతూ, గొంతు కూడా పెంచకుండా అంది.

"ఇంట్ల ఇప్పటికే ఒకరున్నరు గద, రూత్."

అని, బియ్యం కడుగుతూనే ఉంది. తిట్టినా బాగుండేది. తిట్టు ఒకనాటికి పోతుంది. ఆ మాట మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మెట్ల కింద రూత్ ట్రంకుపెట్టె ఉన్న చోట, పెట్టెతో పాటు అదీ ఉంది. అప్పట్నుంచి రూత్ ఇంకో ముద్ద అడగడానికి కూడా ఆలోచించేది.

రూత్‌ను ఇచ్చింది ఏర్గట్లకు. అత్త మంచం పట్టి ఉన్న ఇంటికి కోడలిగా పోయింది. అత్తకు ఎత్తిపోసింది, కడిగింది, తినిపించింది. అత్త చనిపోయిన ఏడు క్రిస్మసుకు భర్త ఆమెను ఆర్మూరు తెచ్చి దింపి, కొత్త సంవత్సరం కాగానే వచ్చి తోలుకపోతా అన్నాడు. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల తనంతట తాను అత్తింటికి పోకూడదు, వాళ్లే వచ్చి తీసుకుపోవాలి. అదీ మర్యాద. మనమే పోయి దింపితే చులకనైపోతాం అని అన్న పట్టుబట్టాడు. రూత్ చీరలు సర్ది పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంట్లోకి ఇంకొకామె వచ్చిందని తెలిసేదాకా పెట్టె విప్పలేదు.

ఈ ఏడు పసుపు తొందరగా దిగింది. గంగాదాస్ సేటు వచ్చి షెడ్డు ఖాళీ చేయమన్నాడు. ఇన్నాళ్లు ఇచ్చాడు, తప్పు పట్టడానికి లేదు. రూత్ ఇల్లిల్లూ తిరిగింది. కాళ్లకు నీళ్లు పోయించింది, బొట్లు పెట్టించింది, కుక్కలన్నిటినీ సాగనంపింది. చుక్కి మిగిలింది. మిషనుకు గ్రీజు పెట్టే పనివాళ్లు దిగిపోయారు. హైవే మీద ధాబా దగ్గర వదిలేద్దాం, ఎంగిలిమెతుకులు తిని బతుకుతుంది అన్నాడు ధర్మయ్య. అన్నాడేగానీ రూత్ మొహం చూడలేకపోయాడు. లారీ గుద్దితే చుక్కిని ఎత్తుకొచ్చింది ఆ హైవే మీదినుంచే.

అప్పుడు వేల్పూర్ రైతు సాయన్న బండి మీద వచ్చాడు. కుక్క కావాలన్నాడు. భార్య ఏదని రూత్ అడిగింది. పసుపు ఉడికే పొయ్యి దగ్గరుంది, వదిలి రాలేదు, ఇంటికి పోగానే బొట్టు పెడుతుందన్నాడు. కల్లం పనుల రోజుల్లో వచ్చి, భార్య తర్వాత పెడుతుందనే మనిషి కుక్కను ఎక్కడికి తీసుకుపోతాడో రూత్‌కు తెలుసు. ఆర్మూరు మొత్తంలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసే తాడు చేతికిచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చుక్కి బండి మీద సాయన్న కాళ్ల మధ్య కూర్చుని, మలుపు తిరిగేదాకా వెనక్కే చూసింది.

సీజను ముదిరింది. గోదాములో కుప్ప మీద కుప్ప. ఏరుతున్న చేతులు ఏరుతున్నాయి, రూత్ మనసు మాత్రం వేల్పూర్‌లో ఉంది. పోయి చూద్దామంటే భయం. చూశాక ఏం చేస్తుంది? దాన్ని పెట్టడానికి ఒక మూల కూడా తన చేతిలో లేదు. ఇట్లా రోజులు గడుస్తుండగా ఒక పొద్దున సాయన్న సంచులు గోదాములో దిగాయి. వెనకాలే సాయన్న వచ్చాడు.

"చుక్కి ఎట్లున్నది సాయన్నా?" అని అడిగింది.

సాయన్న కాంటా మీది నుంచి చూపు తిప్పలేదు. "మంచిగున్నది అక్కా. కల్లంకాడనే ఉన్నది."

రూత్ చేతిలో పసుపు కొమ్ము అట్లాగే ఉండిపోయింది. పసుపంతా ఇక్కడికొచ్చింది. మంచం ఇంటికి పోయింది. ఇంక కల్లం దగ్గర ఏముంది?

కడుపులో నొప్పని చెప్పి గోదాములోంచి బయటపడింది. వేల్పూర్ ఆటో ఎక్కి, పొలాల దగ్గర దిగి, అడుగుతూ పోయింది. కల్లం దొరికింది. పసుపు ఆరబోసిన మేర నేలంతా పచ్చగా మరక పట్టి ఉంది. పొయ్యి రాళ్లున్నాయి. ఆ పచ్చటి నేలకు ఒక అంచున, ఇదివరకు కుప్ప ఉన్న వైపు మొహం పెట్టి, చుక్కి కూర్చుని ఉంది. పక్కటెముకలు తేలాయి. రూత్ పిలిస్తే తోక ఊపింది గానీ లేచి రాలేదు. పక్క చేనులో మక్క కంకులు విరుస్తున్న ముసలామె చెప్పింది, మేం మిగిలింది వేస్తే వచ్చి తింటుందమ్మా, తిని మళ్లీ అక్కడికే పోయి కూర్చుంటుంది అని. అక్కడ కావలి కాయడానికి ఒక్క కొమ్ము లేదు. ఎవరో ఉండమన్నారు, అది ఉంది.

రూత్ దాని పక్కన నేల మీద కూర్చుంది. సర్ది పెట్టుకున్న చీరల పెట్టె కళ్లముందుకు వచ్చింది. ఆటో చప్పుడైనప్పుడల్లా వాకిట్లోకి వచ్చి చూసిన రోజులు గుర్తొచ్చాయి. ఏడుపు తన్నుకొచ్చింది. కుక్క కోసమా తన కోసమా అని విడదీసుకోలేదు, ఇద్దరి కోసమూ ఏడ్చింది.

ఏడ్చాక మిగిలింది పాత ప్రశ్నే. షెడ్డులో మిషను నడుస్తోంది. ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు. రూత్ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. చుక్కి మెడకు తాడు వేసి, ఎదురుతిరుగుతున్నా లాక్కుంటూ, ఆర్మూరు వైపు కాకుండా వేల్పూర్ ఊళ్లోకి నడిచింది.

సాయన్న ఇంటి ముందు అతని భార్య జ్యోతిలక్ష్మి మిరపకాయలు ఆరబోస్తోంది. ఆమెకు ఈ కుక్క సంగతే తెలియదు. కల్లం దగ్గర ఏదో కుక్క ఉండేది, ఊరకుక్క అనుకున్నానంది. మా ఇంట్లో కుక్కలు లేవక్కా, మాకు పడవు అని కూడా అంది. రూత్ వాదించలేదు. గడప ముందు కూర్చుంది. ముసలికుక్క కూడా ఆమె పక్కన చతికిలబడింది. పక్కిళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

"ఉంచుకొమ్మని నేను అంటలేను చెల్లే" అంది రూత్. "నీ మొగడు బొట్టు నువ్వు పెడుతవని మాటిచ్చి తెచ్చిండు. మీ కల్లం కాసింది. గా బొట్టొక్కటి పెట్టు. పెట్టినంక వెళ్లగొట్ట బుద్ధయితే వెళ్లగొట్టు. నేను అడగ."

ఇంతేనా అన్నట్టు నవ్వి జ్యోతిలక్ష్మి లోపలికి పోయింది. చెంబూ, కుంకుమ భరిణా తెచ్చింది. చుక్కి ముందుకాళ్ల మీద నీళ్లు పోసింది. అవి పగిలి పుండ్లయి ఉన్నాయి, పసుపు మట్టి పట్టి ఉంది. ఆమె నవ్వు ఆగిపోయింది. వంగి, చేత్తో మట్టి రుద్ది కడిగింది. రెండోసారి లోపలికి పోయి ఇంకో చెంబు తెచ్చింది. తర్వాత చిరిగిన చెవి వైపు ఒక చేత్తో తల పట్టుకుని నొసట పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టింది. పెట్టిన చెయ్యి కాసేపు తీయలేదు.

మధ్యాహ్నానికి సాయన్న మార్కెట్టు నుంచి వచ్చాడు. వాకిట్లో కుక్కను చూసి ఇదెట్లా వచ్చిందని గొణిగాడు.

"బొట్టు పెట్టిన. ఇగ అయిపాయె" అంది జ్యోతిలక్ష్మి. అతను రూత్ వైపు చూసి, భార్య వైపు చూసి, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

రూత్ లేచింది. వచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపడం ఆ ఇళ్లలో లేదు. జ్యోతిలక్ష్మి భరిణ మూత మళ్లీ తీసి, బొట్టు పెట్టుకుని పో అక్కా అంది.

"మేము పెట్టుకోం చెల్లే" అంది రూత్.

నోరు అట్లా అన్నది గానీ కాళ్లు వెనక్కి పోలేదు. అయ్యో తెల్వక అన్నానని జ్యోతిలక్ష్మి భరిణ మూయబోయింది. రూత్ నొసలు ముందుకు వంచింది. జ్యోతిలక్ష్మి బొట్టు పెట్టింది. చుక్కి చూస్తోంది.

ఆటోలో ఆర్మూరు దాకా రూత్ నొసలు కొంగుతో కప్పుకుని కూర్చుంది. వీధి మలుపులో దిగి, ఎవరూ లేకుండా చూసి, కుంకుమ తుడిచేసుకుంది. తుడిచిన చెయ్యి పొద్దున పసుపు ఏరిన చెయ్యన్న సంగతి గుర్తులేదు. ఇంటి ముందు కరుణశ్రీ బట్టలు తీస్తోంది. పెందలాడే వచ్చిందేం, మళ్లీ ఆ కుక్క సంగతేనా అని అడిగింది.

"ఇల్లు దొరికింది వదినే."

"మంచిగాయె" అంది వదిన. నిజంగానే సంతోషపడింది. మొహంలోకి చూసి, "నొసలంత పసుపంటింది, కడుక్కో" అని కూడా చెప్పి, బట్టలతో లోపలికి పోయింది.

గోలెంలో నీళ్లు నిండుగా ఉన్నాయి. రూత్ చెంబెడు ముంచి తన కాళ్ల మీద తనే పోసుకుంది. నొసలు కడుక్కోకుండా గడప దాటి, మెట్ల కింద తన పెట్టె పక్కకు పోయి కూర్చుంది.