కళ్లు మూసుకుని ఎత్తిన చేతులు

అండమాన్‌లోని మాయాబందర్‌లో మా అమ్మ నలుగురినీ కూడగట్టి పెట్టించిన కొబ్బరి రైతుల సొసైటీలో ఓటు వేయాలంటే అందరూ కళ్లు మూసుకోవాలి. ఈ పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. మా అమ్మ బుర్రలో పుట్టింది.

అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక అమ్మ నేరుగా సొసైటీ షెడ్డుకు పోయేది. కాయలు వలిచి ఎండబెట్టే ఆ షెడ్డులోనే పాఠం. పెద్ద తోట ఉన్నవాడికీ పెరట్లో నాలుగు చెట్లున్నవాడికీ ఒకే ఓటు ఎందుకు, అందరి సరుకూ కలిపి అమ్మితే ఏమిటి లాభం, ఇవన్నీ సగం తెలుగులో, సగం హిందీలో చెప్పేది. ఇంట్లో మాకు అన్నం ఎవరు పెడతారన్న ధ్యాసే ఉండేది కాదు. నాకు ఒళ్లు మండేది. ఈవిడ ఆ షెడ్డుకే అమ్మ అయితే సరిపోయేది అనుకునేదాన్ని.

పాఠం అందరికీ అర్థమైంది గానీ ఓటు దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ల చేతులు లేచేవి కావు. మా పక్కింటి అత్త మరీను. వాళ్లది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపల వేట కుటుంబం. పెరట్లో కొబ్బరిచెట్లు అత్త పేరున ఉన్నాయి, మెంబరూ ఆవిడే. అయినా చెయ్యి ఎత్తేముందు మామ మొహం చూసేది. ఆయన కళ్లెర్రజేస్తే దించేసేది.

ఒక ఆదివారం అమ్మకు విసుగొచ్చింది. "ప్రార్థనప్పుడు లాగ అందరూ ఆంఖ్ బంద్ చేసుకోండి. ఇక్కడ మొగుడూ లేడు, మరిదీ లేడు. మీ చెయ్యి మీ ఇష్టం," అంది. మెంబరు కాని ఒకరు కళ్లు తెరిచి, పైకి లెక్కపెట్టాలి. ఆ పని నా నెత్తిన పడింది. కాయలు ఎండబెట్టడానికి కొత్త పొయ్యి కట్టాలా అన్నదానికి అత్త రెండు చేతులూ ఎత్తేసింది.

"అత్తా, ఒకటి చాలు," అన్నాను.

"ఉండనీయే. ఇన్నాళ్లకి ఎత్తేను," అంది కళ్లు తెరవకుండానే. షెడ్డంతా నవ్వులు. అమ్మ కూడా కళ్లు మూసుకునే నవ్వింది.

ఇప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్‌లో ఉంటున్నాను. ఈ ఏడాది వానలు వెలిశాక అమ్మ ఫోన్ చేసింది. సొసైటీ ఉంచాలా, మూసెయ్యాలా అని మీటింగ్ పెట్టారట. "లెక్కపెట్టడానికి నువ్వు రా," అంది. నేను వెళ్లేసరికి షెడ్డు ఊడ్చి, చాపలు పరిచి ఉంది.

ఎవరిదీ తప్పని అనలేను. వ్యాపారి బండి పెరటి దాకా వచ్చి, పీచు వలవకుండానే కాయలు పట్టుకుపోతోంది. షెడ్డుకు మోయాలి, వలవాలి, ఎండబెట్టాలి అంటే ఎవరికీ ఓపిక లేదు. మీటింగుకు ముందు అత్త వచ్చి అమ్మ పక్కన కూచుంది.

"దీదీ, నా మోకాళ్లు చూసేవు కదా. కాయలు నాను మొయ్యలేను. నీ మొహం చూసి ఆ మాట చెప్పలేకపోతన్నాను."

"నా మొహం ఎందుకు చూడ్డం? కళ్లు మూసుకునే కదా ఓటు," అని అమ్మ ఆవిడకు టీ పోసి ఇచ్చింది. అయినా అమ్మ ఆశ చావలేదని నాకు తెలుసు.

అత్త పోయి వెనక వరసలో కూచుంది. అందరూ కళ్లు మూసుకున్నారు. "ముందు ఉంచాలనేవాళ్లను లెక్కపెట్టు," అంది అమ్మ.

ముందు వరసలో అమ్మ చెయ్యి లేచింది. ఇంకెవరిదీ లేవలేదు. పాఠం ఇంత బాగా ఎందుకు నేర్పావమ్మా అని ఆవిడ మీదే కోపం వచ్చింది. కళ్లు తెరిచి ఉంటే మొహమాటానికైనా నలుగురు ఎత్తేవాళ్లు.

"ఒకటి," అన్నాను.

అమ్మ 'రెండు' అన్న మాట కోసం ఆగింది.

"వెనక వరస కూడా చూడవే," అంది నెమ్మదిగా.

వెనక వరసలో అత్త మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుని ఉంది.

"చూశానమ్మా. దించెయ్యి," అన్నాను.

అమ్మ దించలేదు. కళ్లూ తెరవలేదు.