స్టుట్‌గార్ట్‌లో చీపురు వంతు

డెక్లన్‌కు చీపురు పిచ్చి. ఒకరికి పేకాట, ఒకరికి తాగుడు. ఈ మహానుభావుడికి శనివారం వచ్చిందంటే మేడమెట్లు ఊడవాలి. ఐర్లండులో ఉన్నన్నాళ్లూ తన మంచం కింద ఏముందో చూసి ఎరగనివాడు, స్టుట్‌గార్ట్‌లో కాపురం పెట్టిన రెండేళ్లకే జర్మన్లకు ఊడవడం నేర్పేంతవాడయ్యాడని అతని భార్య నోరీన్ చుట్టాలందరికీ ఫోన్లు చేసి మొత్తుకునేది.

ఆ మేడలో మూడు కాపురాలు: వీళ్లూ, బ్యూలర్ గారూ, కింది వాటాలో పెద్దావిడ క్నౌస్ గారూ. ఎవరి తలుపుకు చెక్కపలక వేలాడితే ఆ వారం వాళ్లే మెట్లూ, వీధి వాకిలీ ఊడవాలి. శనివారం సాయంత్రంలోగా ముగించి, పలకను పక్క వంతువాళ్ల తలుపుకు తగిలించాలి. ఊడవకపోతే పోలీసులేం రారు. ఇరుగుపొరుగు పలకరించడం మానేస్తారు. ఆ ఊళ్లో అంతకు మించిన శిక్ష లేదు.

ఆ పలక పుణ్యమా అని ఒకసారి సరస్సులో షికారు పడవ వీళ్లకు అందకుండా వెళ్లిపోయింది. ఇంకోసారి సరిహద్దు అవతల స్ట్రాస్‌బర్గ్‌లో ఉల్లిపాయల రొట్టె తిందామని రైలెక్కి వెళ్తే, భోజనాల వేళ దాటిపోయిందని హోటలువాళ్లు తలుపు మొహం మీదే వేశారు. కూతురితో సహా ముగ్గురూ స్టేషన్లో ఎండిపోయిన బన్ను నమిలి ఇల్లు చేరారు.

"శుక్రవారమే ఊడ్చెయ్యొచ్చుగా?" అనేది నోరీన్.

"మరి శనివారం పడే దుమ్ముకు జవాబెవరు చెప్తారు?"

"దుమ్మునే అడుగు!"

కూతురు మేవ్ తొమ్మిదో పుట్టినరోజు శనివారమే పడింది. మళ్లీ స్ట్రాస్‌బర్గ్. ఈసారి రైలు తప్పితే పిల్ల మొహం చూడలేనని నోరీన్ ముందే హెచ్చరించింది. తీరా ఆ పొద్దున తలుపు తీస్తే పలక వేలాడుతోంది.

"పోయినవారమేగా ఊడ్చాం! మళ్లీ మనమేంటి?"

"వంతు అలా పడిందిలే," అన్నాడు డెక్లన్, చీపురు వెతుక్కుంటూ.

నోరీన్ కేలండరు ముందు నిలబడి వేళ్లు మడిచింది. మూడు వారాల్లో ఒకటి బ్యూలర్ గారిది, రెండు తమవి! కింది వాటాలో క్నౌస్ గారి వంతు ఏమైనట్టు? పలక ఊడబెరుక్కుని ధనధనా మెట్లు దిగింది.

"నోరీన్! ఆగవే, నీకు దండం పెడతా!" అంటూ డెక్లన్ గుసగుసగా వెంటపడ్డాడు.

ఈలోగా తలుపు తెరుచుకుంది. ఎనభై దాటిన క్నౌస్ గారు, రెండు చేతుల్లో రెండు కర్రలు. జనవరి మంచులో జారిపడితే కాస్త బెణికిందని చెప్పిన మనిషి, గుమ్మం దాటడానికే ఆయాసపడుతోంది. నోరీన్ చేతిలో పలకను వీపు వెనక్కి దాచేసింది.

"ఆయన్ని కోప్పడకమ్మా," అంది పెద్దావిడ. "శనివారం చీపురు పట్టకపోతే ఆయనకు తిండి సయించదటగా! ఇదే మెట్ల మీద నిలబడి ఎంత బతిమాలాడని! పోనీలే పాపం అని నా వంతు ఇచ్చేస్తున్నా. లేకపోతే యాభై ఏళ్లలో ఒక్క వంతు ఎగ్గొట్టానా నేను?"

నోరీన్ మొగుడి వంక చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీది చాలా పెద్ద మనసండీ," అంది నోరీన్. "ఈయనకి చిన్నప్పట్నుంచీ అదే జబ్బు."

"పక్కపక్కన ఉన్నాక ఆ మాత్రం సర్దుకోవాలిగా!"

"మేవ్! చేట పట్టుకురా!" అని నోరీన్ కేకేసింది. తల్లి పైనుంచి, తండ్రి కిందనుంచి ఊడుస్తుంటే పిల్ల చెత్త ఎత్తింది. క్నౌస్ గారు గుమ్మంలో నిలబడి, వదిలేసిన మూలలన్నీ కర్రతో చూపించింది. రైలు కదలబోతుండగా ముగ్గురూ పరుగున ఎక్కేశారు.

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదూ?" అంది నోరీన్, ఊపిరి కుదుటపడ్డాక.

"చెబితే నువ్వు జాలిపడతావు. నీ జాలి ఆవిడ కనిపెట్టిందంటే తనే చీపురు పట్టుకుని దిగుతుంది."

"మరి మన వంతుకు కూడా గంటన్నర ఊడుస్తావేం?"

"చకచకా ముగిస్తే నా పిచ్చి ఎవరు నమ్ముతారు?"

నోరీన్ ఆ మాట సగమే నమ్మింది. అయినా అతని చెయ్యి దగ్గరికి లాక్కుని, వదలకుండానే చెప్పింది: "బ్యూలర్ గారి కాళ్లు మాత్రం దివ్యంగా ఉన్నాయి. ఆయన పలక ముట్టుకున్నావంటే చూడు!"