పెళ్లాం పేరెక్కిన పిచ్చిమొక్క

మొక్కల మీద పరిశోధన చేసే మేడమ్ జీపు నడిపే డ్రైవరుకు ఆ వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు. టీ తెప్పించుకుని తాగకుండానే చల్లార్చాడు. ఏమైందని ఎవరైనా అడిగితే, గాలి తగ్గినట్టుందని టైరును తన్ని చూపించేవాడు.

సంగతేమిటంటే, కిందటేడు వానల్లో కొండదారిన జీపు బురదలో దిగబడింది. చక్రం కింద రాళ్లు పెడుతుంటే, గట్టు మీది ఊదారంగు పూలమొక్క ఒకటి అతని మోచేతికి తగిలింది. అంతే, కాయలు టపటపా పేలి గింజలు మొహాన కొట్టాయి.

"అచ్చం మా ఇంటావిడే మేడమ్. ముట్టుకుంటే చాలు, చిటపట" అన్నాడు.

భార్యకు అతను చాటుగా పెట్టుకున్న పేరది. ఎదురుగా అనే ధైర్యం ఏనాడూ లేదు.

మేడమ్ నవ్వి, ఆ మొక్క కొమ్మ ఒకటి తుంచి, కాగితాల మధ్య అదిమి తీసుకెళ్లింది. తీరా చూస్తే అలాంటి మొక్క ఇంతవరకు ఎవరి లెక్కలోనూ లేదట. కనిపెట్టినవాళ్లు తమ పేరు తామే పెట్టుకోవడం మర్యాద కాదట. అందుకని మీ ఆవిడ పేరే పెట్టేశాను, అచ్చు కూడా అయిపోయిందని ఆ వారం మొదట్లో మేడమ్ సంబరంగా చెప్పింది. ఏం పేరంటే, చిటపట. మార్చమని బతిమాలాడు. ఒకసారి అచ్చయ్యాక ఎవరి తాత దిగొచ్చినా మారదంది.

పైగా మేడమ్ ఆఫీసు ప్యూను భార్య వీళ్ల పక్కవాటాలోనే ఉంటుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ చెప్పేలోపు తనే చెప్పాలి. చెబుదామని వంటింటి దాకా వెళ్లేవాడు, కూర బాగుందని చెప్పి వచ్చేసేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ కూరను మెచ్చుకోని మనిషి రోజూ మెచ్చుకునేసరికి భార్యకు అనుమానం వచ్చింది.

"ఏం చేసొచ్చావు? చెప్పు" అంది, గరిటె కింద పెట్టకుండానే.

అంతా చెప్పాడు.

"మరి నీ పేరు దేనికి పెట్టారు?"

"దేనికీ పెట్టలేదు."

"మీ అక్క పేరు?"

"లేదు."

ఆవిడ గరిటె పక్కన పెట్టి కూర్చుంది.

"ఆ గట్టు మీదికి మేకలు వస్తాయా?"

"వస్తాయి."

"రోడ్డు వెడల్పు చేస్తారన్నావు. ఏ వైపు?"

"ఆ వైపే."

తిట్లకు సిద్ధపడి నిలబడ్డవాడికి ఒక్క తిట్టూ పడలేదు. అతని ప్రాణం కుదుటపడింది గానీ ఆవిడ కుదురు పోయింది. జీపు కొండ మీదికి వెళ్లిన రోజున వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంటుంది. అతను ఇంజను ఆపకముందే, "ఉందా?" అంటుంది. ఉందంటే లోపలికి నడుస్తుంది. గడప దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది.

"కళ్లారా చూశావా, ఊరికే అంటున్నావా?"