రుమాలు కింద డాబా బేరం

తొంభై వేల పనిని యాభై వేలకు దింపిన మొనగాణ్ణి నేను. అదీ మూడు చాయ్‌లు తాగేలోపు, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా. హన్మకొండ చౌరస్తా అంతా వెతకండి, ఇట్లాంటి బేరగాడు ఇంకొకడు దొరకడు. ఆ పని మొదటి వానకే కొట్టుకుపోయిందంటే, అది వాన తప్పు గాని బేరం తప్పు కాదని చాలా రోజులు వాదించాను కూడా.

పని ఏమిటంటే, మా అపార్ట్‌మెంట్ డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత. ఐదంతస్తులు, పది ఇళ్లు. డాబా అందరిదీ, దాని వేడి మాత్రం పై అంతస్తుదే. అక్కడ ఒక ఇంట్లో మేమంతా అక్కా అని పిలిచే ఆమె ఉంటుంది. బ్లౌజులు కుడుతుంది. పాతికేళ్లు మిషన్ తొక్కిన డబ్బులతో తనే కొనుక్కున్న ఇల్లు. పై అంతస్తు అగ్గువకు వస్తుందని తీసుకుంది. ఎందుకు అగ్గువో మొదటి ఏప్రిల్‌లోనే తెలిసింది.

ఆ వేసవి మీటింగులో ఆమె అడిగింది ఒక్కటే. "జర డాబాకు తెల్లరంగు ఏయించుండ్రి."

కింది అంతస్తు సారు, రైల్వేలో రిటైరైన మనిషి, వెంటనే లేచాడు. "నీ నెత్తి మీది ఎండకు మేమెందుకు పైసలు కట్టాలె?"

"మీ కాళ్ల కింది నీళ్ల మోటరుకు నేను కడ్తలేనా సార్?" అంది అక్క.

అందరూ నవ్వారు గాని జేబులు ఎవరూ తడుముకోలేదు. అప్పుడు నేను లేచాను. స్టీలు సామాన్ల దుకాణం నాది. పుట్టింది దుకాణాల మధ్య, పెరిగింది తక్కెడ పక్కన. "ఫికర్ చెయ్యకుండ్రి, ఇంటికి ఐదు వేలతోని పని ఒడగొడ్త" అన్నాను. అన్నట్టే తొంభై వేలు అడిగిన రంగులాయనను యాభైకి దింపాను. ఒప్పుకునే ముందు అతను నా మొహం ఒక క్షణం చూసి, "సరే సేటూ" అన్నాడు. ఎదుటివాడు తొందరగా ఒప్పుకుంటే నువ్వే మునిగినట్టు అని మా బాపు చెప్పేవాడు. ఆ పూట బాపు మాట గుర్తుకు రాలేదు.

మొదటి వానకు పైపుల్లోంచి తెల్లనీళ్లు దిగాయి. స్కూటర్ల మీద, తులసి కుండీ మీద, సారు ఆరేసిన లుంగీ మీద. ఆయన గేటు దగ్గర గొడుగు పట్టుకుని నన్ను పిలిచాడు. "ఏందయ్యా, నీ యాభై వేలు మోరీల పోతున్నయి, జర సూడు."

అక్క మాత్రం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వారం తర్వాత దుకాణానికి వచ్చి, "తమ్మీ, నా ఇల్లు అమ్మిపెట్టు. నువ్వైతే మంచి రేటు తెస్తవు" అంది. ఎగతాళి కాదు. నిజంగానే నా బేరం మీద నమ్మకం.

రేటు కట్టడానికి పైకి వెళ్లాను. వాన తెరిపిచ్చి ఎండ కొడుతున్న మధ్యాహ్నం. కిటికీ కింద ఉండాల్సిన మిషన్ బాత్‌రూమ్ గుమ్మంలో ఉంది. ఆ ఇంట్లో కాస్త చల్లటి జాగా అదేనట. ఆమె మణికట్టుకు గుడ్డపేలిక కట్టుకుంది, చెమట కారకుండా. ఆకుపచ్చ పట్టు ముక్క ఒకటి తీసి చూపించింది. మధ్యలో చిన్న మరక.

"చెమట బొట్టు పడ్డది. పట్టు గదా, పోదు. బట్ట పైసలు నేనే ఇచ్చుకున్న."

ఎండాకాలం పొద్దున ఐదింటికి కూర్చుని తొమ్మిదికి లేచిపోతుందట. ఆ తర్వాత మిషన్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఇదంతా చెప్పి, "కొనేటోనికి గాలి మంచిగొస్తదని చెప్పు. ఏప్రిల్‌ల మాత్రం తోల్కరాకు" అని నవ్వింది. నేను ఏ రేటూ చెప్పకుండానే దిగి వచ్చాను.

మర్నాడు బ్యాంకుకు పోయాను, అపార్ట్‌మెంట్ పేరున అప్పు పుడుతుందేమోనని. మేనేజరు అడిగాడు. "డాబా ఎవరి పేరు మీదున్నది?"

"అందరి పేరు మీద."

"అంటే ఎవరి పేరు మీదా లేనట్టే. అప్పు ఎవరికియ్యాలె?"

ఇంకొక రంగులాయనను పట్టుకున్నాను. కడగడం, పగుళ్లు పూడ్చడం, రెండు పూతలు, కాగితం మీద గ్యారంటీ. తొంభై ఆరు వేలు అన్నాడు. బేరానికి నోరు తెరిచాను, మూసుకున్నాను. అది చూసి మా ఇంటామె, "పానం బాగలేదా?" అని అడిగింది.

మళ్లీ మీటింగు. ఇంటికి తొమ్మిది వేల ఆరు వందలు అనగానే అందరూ గోడల వైపు చూశారు. ఎక్కువ ఇస్తానంటే బరువంతా తమ మీదే పడుతుందని భయం, తక్కువ అంటే సిగ్గు. మా బాపు మిర్చి దలాలు. ఆయన కాలంలో బేరం నోటితో చేసేవాళ్లు కాదు. చేతుల మీద రుమాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకునేవాళ్లు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలిసేది. నేను భుజం మీది రుమాలు తీశాను.

"ఒక్క వేలు వెయ్యి. అయిదు వేళ్లు ఒకసారి నొక్కితే అయిదు వేలు, రెండుసార్లు నొక్కితే పది. ఎవలు ఎంత పట్టిండ్రో సచ్చినా చెప్ప."

"మళ్ల నువ్వేనా బేరగానివి?" అన్నాడు సారు.

"ఈసారి తగ్గించుడు లేదు సార్. మీరెంతంటే గంతే."

అందరికంటే ముందు ఆయనే వచ్చాడు. చెయ్యి చల్లగా ఉంది. రెండు వేళ్లు పట్టుకున్నాడు. ఆలోచించాడు. ఇంకొకటి పట్టుకున్నాడు. ఎక్కడ ఆగాడో చెప్పను, మాటంటే మాట. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఇన్నేళ్లు ఒకే మెట్లు ఎక్కి దిగినా, వీళ్లలో సగం మంది చేతులు నేను అంతకుముందు ముట్టుకోలేదు.

అక్క చివర వచ్చింది. చూపుడువేలి కొన సూదిపోట్లతో గరుకుగా ఉంది. నా అయిదు వేళ్లూ పట్టుకుని నొక్కింది, మళ్లీ నొక్కింది. పది వేలు. నేను మూడు వేళ్లు విడిపించుకుని రెండే ఆమె చేతిలో ఉంచాను. ఆమె మళ్లీ అయిదూ పోగుచేసింది. నేను మళ్లీ విడిపించుకున్నాను.

"ఏందది, రుమాలు ఎగురుతాంది?" అన్నాడు సారు.

"కుస్తీ సార్."

"అక్క గెలుస్తాందా?"

అక్క ముందుకు వంగి, నాకు మాత్రమే వినబడేట్టు అంది. "తమ్మీ, అందరి డాబా అనే గదా ఇంతమంది చెయ్యి పెట్టిండ్రు. నా చెయ్యి తక్కువ జెయ్యకు."

వేళ్లు వదిలేశాను. సచ్చినా చెప్పనన్న మాట తప్పి మీకు చెప్పింది ఆ ఒక్క అంకే. దానికి పని అయ్యాక ఆమె దగ్గర అనుమతి కూడా తీసుకున్నాను.

చలికాలం పోయేలోపు పూత పడింది. ఈ ఏప్రిల్‌లో ఒక మిట్టమధ్యాహ్నం పైకి వెళ్లాను. మిషన్ కిటికీ కింద ఉంది, నడుస్తోంది. "మరీ సల్లగేం లేదు గని, కూసోవచ్చు తమ్మీ" అంది. ఇల్లు అమ్మే సంగతి ఏం చేద్దామని అడిగాను.

"ఏ ఇల్లు?" అని దారం కొరికింది.

ఇక లెక్క. రెండో పూత తొంభై ఆరు వేలు. రుమాలు కింద తొమ్మిది చేతులు ఇచ్చింది డెబ్బై నాలుగు వేలు. తక్కువపడ్డ ఇరవై రెండు వేలు నేను వేశాను. అందరూ నన్ను ధర్మాత్ముడన్నారు, రెండు రోజులు కాదనలేదు. అందులో నా వాటాయే తొమ్మిది వేల ఆరు వందలు. మిగిలిన పన్నెండు వేల నాలుగు వందలే పైన వేసింది. మోరీలో పోయిన మొదటి పూతకు ఆ తొమ్మిది ఇళ్లు నా మాట నమ్మి కట్టింది నలభై అయిదు వేలు. అందులోంచి ఇది తీసేస్తే, వాళ్లకు నేను ఇంకా ముప్పై రెండు వేల ఆరు వందలు బాకీ పడి ఉన్నాను.