వెచ్చటి సిమెంటు

కొత్తగూడ చుట్టుపక్కల ఏ ఇల్లు లేస్తున్నా, సిమెంటు బస్తా విప్పగానే మేస్త్రీ రామన్నను పిలిచేవారు. ఆయన చొక్కా చెయ్యి మడిచి, కళ్లు మూసుకుని, మోచేతి దాకా బస్తాలోకి దించేవాడు. మంచి సిమెంటయితే లోపల బావినీళ్లలో చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉండాలి. చిటికెడు తీసి వేళ్ల మధ్య రాస్తే పిండిలా జారాలి. అప్పుడు కళ్లు తెరిచి “మంచిగుంది” అనేవాడు. ఆ మాట వినిపించాకే నీళ్లు కలిపేవాళ్లు.

“నాడి సూసుడు అయిందా డాక్టర్ సాబ్?” అని తట్టలు మోసే మల్లమ్మ ఆటపట్టించేది. “సిమెంటు దవాఖాన పెట్టరాదే అన్నా!”

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, లారీలు లేవు. ఐటీ టవర్ల అద్దాల్లోకి మబ్బులు మాత్రం రోజూ డ్యూటీకి వచ్చినట్టు వచ్చేవి. రామన్న కడుతున్న ఇంటి దగ్గర, రేకుల షెడ్డులో జూన్‌లో దించిన బస్తాలే మిగిలాయి. మూడు నెలల వాన చెమ్మను అవి మెల్లగా తాగుతూ కూర్చున్నాయి.

సూపర్‌వైజర్ సామ్యేలుది గుంటూరు వైపు. ఆ పొద్దున ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు: “పనెక్కడ సాగుతుందండీ? ఇక్కడోళ్లకి పనికంటే బందులంటేనే ఇష్టం.” వెనకాల రామన్న ఉన్నాడని చూసుకోలేదు. రామన్న ముందురోజంతా దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చినవాడే.

కాసేపటికి అదే సామ్యేలు మెట్ల స్లాబుకు బస్తా విప్పించి పిలిచాడు. “రామన్న గారూ, ఓసారి చెయ్యి పెట్టండి. మీరు చూస్తే నాకు నిశ్చింత.”

రామన్న చెయ్యి దించాడు. చల్లదనం లేదు. జ్వరం వదలని నుదురులాంటి వెచ్చదనం. వేళ్లకు గడ్డలు తగిలాయి. నలిపితే నలగలేదు. ఇక్కడోళ్లకి పనంటే ఇష్టం లేదు కదా అనుకున్నాడు. పొయ్యేది వాడి స్లాబే కదా.

“మంచిగుంది,” అన్నాడు. కళ్లు తెరవకుండానే అన్నాడు.

“ఏందన్నా, గింత గడ్డలున్నయ్?” అంది మల్లమ్మ, పారతో ఎత్తుతూ.

“జల్లెడ పట్టి కలుపు. నీకెందుకు ఫికర్?”

స్లాబు పడింది. ఎనిమిది రోజులు దానికి నీళ్లు పట్టింది రామన్నే. గోటితో గీస్తే ఇసుక రాలేది. ఇవాళ చెబుదామనుకునే రోజూ వచ్చేవాడు. “టీ తాగారా రామన్న గారూ?” అని సామ్యేలు పలకరించగానే తల దించుకుని పైపు అందుకునేవాడు.

తొమ్మిదో రోజు సెంట్రింగు వాళ్లు స్లాబు కింద ఆసరాగా నిలిపిన కర్రల్లో రెండు లాగారు. ఇటుకల తట్టతో మల్లమ్మ మొదటి మెట్టు మీద కాలు మోపింది.

“ఎక్కకు మల్లమ్మా! దిగు!”

అరిచింది తనేనని రామన్నకు కాసేపటికి గానీ తెలియలేదు. అందరూ పని ఆపి చూశారు. సామ్యేలు పరుగున వచ్చాడు.

“సిమెంటు చచ్చిపోయింది సార్,” అన్నాడు రామన్న. “ఆ దినమే నా చేతికి తెలిసింది. తెలిసే చెప్పలే.”

“ఎందుకండీ?”

“మీరు ఫోన్ల అన్నది ఇన్న.”

సామ్యేలు ముఖం పాలిపోయింది. కర్రలు తిరిగి పెట్టమని సైగ చేశాడు.

మల్లమ్మ తట్ట దింపి రామన్న దగ్గరకొచ్చింది. ఈసారి ఆమె నవ్వలేదు. “సార్ మీద కోపమైతే సార్‌నే తిట్టరాదే అన్నా? ఆ మెట్లెక్కేది నేను గద.”

రామన్న సమ్మెట అందుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఆ మెట్లను తనే పగలగొట్టాడు. సాయం వస్తామన్న వాళ్లను రానివ్వలేదు.

సమ్మె ముగిశాక కొత్త సిమెంటు లారీ వచ్చింది. సామ్యేలు బస్తా విప్పించి, నేల చూస్తూ, “చెయ్యి పెట్టండి రామన్న గారూ,” అన్నాడు.

రామన్న చొక్కా చెయ్యి మడవలేదు. “మల్లమ్మా, నువ్వు సూడు.”

ఆమె గాజులు పైకి తోసుకుని మోచేతి దాకా దించింది. చాలాసేపు ఉంచింది. రామన్న ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాడు.

“సల్లగుందన్నా,” అంది.