ఫ్లాస్కులు పగలగొట్టే సాయంత్రం

కాంగ్ సూచిన్ ఇప్పుడు దింగ్‌షీ కొండల్లో ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతోంది. ఆమె గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు. అలాంటి మనిషి, తొంభై ఒకటో సంవత్సరం జూన్ నెలలో, లాంజౌ నగరంలోని టీచర్ల కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌నంతటినీ ఒక సాయంత్రం ఆపేసిందంటే ముందు ఎవరూ నమ్మరు.

ఆమె పుట్టిందీ ఆ కొండల్లోనే. ఆ ఊళ్లో బంగాళాదుంపలే పంట; బావి లేదు, వాగు లేదు. వాన పడితే వాకిలి నీళ్లు నేలగోతిలోకి దిగాలి. చలికాలంలో మంచు ఊడ్చి అందులోనే పోసుకోవాలి. ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం నీళ్లతో మొహాలు కడుక్కుంటే, ఆ నీళ్లు చివరికి పందికి. అయినా దారిన పోయేవాడు గుమ్మం ముందు ఆగితే చాలు, వేడినీళ్ల ఫ్లాస్కు బయటికి వచ్చేది. నాయనమ్మ కప్పును రెండు చేతులతో అందిస్తూ, "పైనున్న తాత చూస్తుంటాడమ్మా, చుక్క ఒలకనీకు" అనేది. దేవుడి సంగతి సూచిన్‌కు ఎవరూ ఇంతకంటే చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేకపోయింది.

కాలేజీలో ఆరుగురు పిల్లలకు ఒక గది. వయసు వరుసను బట్టి పిలుపులు. సూచిన్ ఐదోది. అందరికన్నా పెద్దది లూ గుయ్‌ఫాంగ్, రైల్వే పనివాడి కూతురు. నోరూ పెద్దదే, మనసూ పెద్దదే. పొద్దుటా సాయంత్రమూ కిందున్న వేడినీళ్ల గదికి వెళ్లి, వరుసలో నిలబడి, ఫ్లాస్కు నింపుకుని నాలుగంతస్తులు ఎక్కాలి. ఎవరికి వీలైతే వాళ్లు పక్కవాళ్లదీ నింపుకొచ్చేవారు. నువ్వు తెచ్చావా నేను తెచ్చానా అని ఎవరూ లెక్క చూసుకోలేదు. రెండో ఏడు చలికాలంలో సూచిన్ మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, వసంతం దాకా ఆమె ఫ్లాస్కును మోసింది గుయ్‌ఫాంగే.

"నాకు పెళ్లయ్యాక నా పిల్లల్ని నువ్వు మొయ్యాలే, ఇప్పుడే చెబుతున్నా," అంటూ ఫ్లాస్కును మంచం పక్కన టక్కున పెట్టి పోయేది.

ఆ కాలేజీలో చదువు ముగించినవాళ్లకు ఒక ఆచారం ఉండేది. పట్టాలు అందుకున్న సాయంత్రం అందరూ తమ ఫ్లాస్కులను కిటికీల్లోంచి కింది వాకిట్లోకి విసిరేవారు. లోపలి గాజు బాంబులా పేలేది. ఎన్ని పేలితే అంత గొప్ప. పొద్దున్నకి వాకిలంతా వెండి తునకలు.

ఆ రోజు ఎండ ఇంకా గోడల మీదే ఉంది. గుయ్‌ఫాంగ్ ఆరు ఫ్లాస్కులనూ కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది.

"ఈ నీళ్ల మోత ఇవాళ్టితో సరి! ఆరూ ఒక్కసారే పడాలి. మన గది పేలుడు కాలేజీ అంతా వినాలి."

"నేను వెయ్యను, పెద్దక్కా," అంది సూచిన్.

"ఏం, పెళ్లికి సారె పట్టుకెళతావా?"

గది ఘొల్లుమంది. సూచిన్ నవ్వలేదు. "మంచి ఫ్లాస్కు. పొద్దున పోసిన నీళ్లు రాత్రికి కూడా పొగలు కక్కుతాయి. ఎందుకు పగలగొట్టాలి?"

"అందరూ పగలగొడతారు కనక," అంది ఆరో చెల్లి.

"అందరూ చేసేది అయితే అడగనే కూడదా?"

"ఆ చప్పుడు వింటే గుండె తేలికవుతుందే మొద్దూ!" గుయ్‌ఫాంగ్ గట్టిగా అంది. "నాలుగేళ్ల చలి, ఆ వరుసలు, ఆ నీళ్ల క్యాబేజీ కూర, అన్నీ వదిలిపోతాయి."

"నీ గుండెకి ఐదు చాలవా?"

"చాలవు. ఆరైతేనే గది. వెయ్యనిది మా గదిది కాదు."

ఆ మాట సూచిన్‌కు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఈ ఐదుగురు తప్ప ఆ నగరంలో ఆమెకు ఎవరూ లేరు. ఒక్క విసురు విసిరితే చాలు, అందరూ మళ్లీ తనవాళ్లే. తన ఫ్లాస్కును చేతిలోకి తీసుకుంది. గట్టు దగ్గరికి కాదు, తలుపు వైపు నడిచింది. రబ్బరు చెప్పులతోనే మెట్లు దిగి, వాకిలి మధ్యకు వెళ్లి, ఫ్లాస్కును గుండెకు హత్తుకుని నిలబడింది.

కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి.

"ఎవరే అది? తప్పుకో!"

"సినిమా తీస్తున్నారా తల్లీ?"

"ఓ దింగ్‌షీ బంగాళాదుంపా! నెత్తి పగులుతుంది, జరుగు!"

"పగలనీ," అంది సూచిన్. "వెయ్యండి. నేను ఇక్కడే ఉంటాను."

పైనుంచి ఒక్కటీ పడలేదు. మెట్ల మీద చెప్పుల టపటప వినిపించింది. గుయ్‌ఫాంగ్ తన ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది, మొహం కందగడ్డలా ఉంది. సూచిన్ చెయ్యి పట్టి లాగింది. సూచిన్ కదల్లేదు.

"చలికాలమంతా నీకు నీళ్లు మోశానే! దానికా ఈ మర్యాద?"

"మోశావు కాబట్టే అక్కా. ఆ మోత పీడలా వదిలిపోవాలంటున్నావు. నాకు ఈ కాలేజీ ఇచ్చిందల్లా అదే. దాన్ని నువ్వు పగలగొడుతుంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టలేను."

"ఇది నాది. నా ఇష్టం."

"నీదే. కాదనను. నా ముందే పగలగొట్టు."

గుయ్‌ఫాంగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫ్లాస్కును నేలకేసి కొట్టింది. ధనామని పేలింది. పైన ఎవరూ కేకలు వెయ్యలేదు. గాజు తునకలు ఇద్దరి పాదాల చుట్టూ చెదిరిపోయాయి.

సూచిన్ వంగి, చేతిరుమాలు పరిచి ఏరడం మొదలుపెట్టింది. చెప్పుల్లేకుండా వచ్చే పిల్లలుంటారు.

"చేత్తో తియ్యకే, కోసుకుంటుంది!" గుయ్‌ఫాంగ్ తిట్టుకుంటూ లోపలికి పోయి చీపురు పట్టుకొచ్చింది. ఊడుస్తూనే అంది: "నాది తప్పని ఒప్పుకున్నాననుకోకు. మళ్లీ అయినా ఇలాగే పగలగొడతాను."

"మళ్లీ అయినా ఇలాగే నిలబడతాను."

"వచ్చే ఏడు నువ్వుండవుగా! అప్పుడెవరు నిలబడతారు?"

"అది వచ్చే ఏటివాళ్లు చూసుకుంటారు. ఈ ఏడు నేనున్నాను."

అంతలో భవనం అవతలి కొస నుంచి కేకలు లేచాయి. "ఒకటీ! రెండూ!" అని ఎవరో లెక్కపెడుతున్నారు. సూచిన్ రుమాలు మూటగట్టి గుయ్‌ఫాంగ్ చేతిలో పెట్టింది. తన ఫ్లాస్కును చంకలో ఇరికించుకుని, ఆ కిటికీల కిందికి పరుగు తీసింది.